హరిణ వనస్థలికి బయలుదేరే ముందు

దసరా సెలవుల్లో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మా సంఘం వాళ్ళం 58 మందిమి మహావీర్ హరిణ వనస్థలి గేటు ముందు బస్సు దిగాం. మా వెంట రెండు పెద్ద గిన్నెల పులిహోర, ఒక డోలక్, రెండు క్రికెట్ బ్యాట్లు, జింకలకు పెట్టడానికని పిల్లలు ఇళ్ళ నుండి తెచ్చుకున్న బిస్కెట్ ప్యాకెట్లు ఉన్నాయి. గేటుకు తాళం ఉంది. సోమవారం సెలవు.

సోమవారం ఎందుకు పెట్టుకున్నామో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. శనివారం గుడి ఊడ్చి కడుక్కునే పని. ఆదివారం ఉదయం ఆరాధన, సాయంత్రం గృహ కూడిక. వారంలో అయ్యగారు కాస్త ఊపిరి పీల్చుకునేది సోమవారమే. ఆ గోడ లోపల ఉన్నవాటికి కూడా అటువంటి రోజు ఒకటి కావాలని మాకెవరికీ తోచలేదు. ఆదివారం పట్నమంతా వచ్చి చూసి పోయాక సోమవారం వాటికి విశ్రాంతి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో పశువుల పేరు కూడా ఉన్నదని పిల్లలకు కంఠతా చెప్పించే నాకే అది గుర్తుకు రాలేదు.

బస్సు వెనక్కి తిప్పుకుని బాలాపూర్ వచ్చి, గుడి ఆవరణలో వేపచెట్టు కింద పులిహోర తిన్నాం. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. ఆ ఏర్పాటంతా చేసింది నేనే కనుక మాటలు కూడా నాకే తగిలాయి. అందరికంటే సూటిగా అన్నది మా అత్తమ్మ. ఆ రోజు ఆమె రాలేదు, మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు. సంగతి విని, "మేకలు తోలుకపోయేటోడు గూడ ముందుగాల కంచ చూసొస్తడు బిడ్డా. మీరు చదువుకున్నోళ్ళు," అన్నారు.

ఆ సోమవారానికీ, మళ్ళీ వెళ్ళిన నవంబరు రెండో శనివారానికీ మధ్య మేము నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళ నుండి సండే స్కూలు పిల్లలను పట్నం చూపించడానికి తీసుకొచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. వారికి పనికి రావచ్చు.

ఇది ఏ అడవి?

బాలాపూర్ నుండి మీర్‌పేట, కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రింగు రోడ్డుకు, అక్కడి నుండి ఎల్.బి. నగర్‌కు వచ్చి విజయవాడ రోడ్డు పట్టుకుంటే చింతలకుంట, పనామా దాటాక ఆటోనగర్ దగ్గర గేటు వస్తుంది. సూర్యాపేట, నల్లగొండ వైపు నుండి వచ్చేవారు చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ దాటి పట్నంలోకి రాకముందే దీని ముందు నుండే వస్తారు. ఎన్నిసార్లు అలా దాటి వచ్చారో లెక్క ఉండదు. దేవరకొండ, ఇబ్రహీంపట్నం వైపు వారు సాగర్ రోడ్డు మీద వచ్చి ఎల్.బి. నగర్‌లో దిగి మారాలి. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగర్ దాకా వచ్చింది కనుక మియాపూర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు బంధువుల ఇళ్ళలో దిగినవారు ఆఖరి స్టేషను దాకా రైల్లో వచ్చి అక్కడి నుండి ఆటోలో పోవచ్చు.

నిజాం పాలన రోజుల్లో ఇది వేట స్థలం. 1975లో, మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్ళు నిండిన సందర్భంగా, ఆయన పేరు పెట్టి దీన్ని జింకల అభయారణ్యం చేశారు. ప్రాణిని చంపరాదని బోధించిన వ్యక్తి పేరు వేట స్థలానికి పెట్టడం నాకు ఎప్పుడు తలచుకున్నా నచ్చే సంగతి. 1994లో జాతీయ ఉద్యానవనం అయింది. విస్తీర్ణం సుమారు 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే మూడువేల ఆరువందల ఎకరాల పైమాట. తెలంగాణలో ఉన్న జాతీయ ఉద్యానవనాలు మూడే. మిగతా రెండు, చిలుకూరు దగ్గరి మృగవని, జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం. మూడింటిలో పెద్దది మన తూర్పు దిక్కున ఉన్న ఈ వనస్థలే.

పార్కు అనగానే పూలమొక్కలు, ఉయ్యాలలు, ఫౌంటెను అనుకుని వెళ్ళేవారికి నిరాశ తప్పదు. అడవి అనగానే ఆకాశం కనిపించని చెట్లను ఊహించుకునేవారికీ అంతే. ఇది పొదలు, తుమ్మలు, వేపలు, సీతాఫలం చెట్లు, మధ్య మధ్య గడ్డి బీడు. మన ఊళ్ళలో కంచ అంటామే, అదీ ఇది. మొదట చూసిన మా యౌవనస్థుడు ఒకడు, "ఇదేం అడవి ఆంటీ, ఇన్ని చెట్లు నాటొచ్చు గదా," అన్నాడు. నాటకూడదు. కృష్ణజింకకు చెట్ల నీడ కాదు, విశాలమైన గడ్డి నేల కావాలి. దూరం నుండి వచ్చే శత్రువును కళ్ళతో చూసి, కాళ్ళతో తప్పించుకునే జంతువు అది. దట్టంగా చెట్లు పెంచితే దానికి మేత పోతుంది, చూపు పోతుంది, పరుగు పోతుంది. దాని పరుగు గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పుడు ఈ దేశంలో చీతాలు దీన్ని తరిమేవి. చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి కొన్నిటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు గాని మన వైపు తరిమేది లేదు. అయినా తనను తరిమే జంతువును మరిచిపోనట్టు ఇది ఇప్పటికీ అలాగే గెంతుతుంది.

ముందుగా ఇద్దరు వెళ్ళాలి

రెండోసారి కమిటీ కూర్చున్నప్పుడు యౌవనస్థులు ఇటు వద్దు, అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది గదా అన్నారు. లెక్క వేస్తే టికెట్టు ఖర్చు చాలా ఇళ్ళకు మోయలేని బరువు. అడ్డా కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లలు మా సండే స్కూల్లో సగం మంది. "డబ్బు కట్టలేని పిల్లవాడు ఆ వారమంతా గుడికి రాడు," అని అయ్యగారు ఒక్క మాట అనేసరికి ఆ చర్చ ముగిసింది.

పది రోజుల ముందు నేనూ, బస్సు మాట్లాడే అన్నా ఇద్దరం వెళ్ళి చూసి వచ్చాం. ఏ రోజు సెలవు, ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి లోపలి వారిని బయటికి పంపుతారు, ఇంతమంది పిల్లలతో వస్తే ముందుగా కాగితం ఇవ్వాలా, లోపల తిప్పి చూపే వ్యాను ఆ రోజు నడుస్తుందా, ఒక్కో ట్రిప్పులో ఎంతమంది పడతారు, తాగే నీళ్ళు ఎక్కడ, మరుగుదొడ్లు ఎక్కడ, ఎక్కడ కూర్చుని తినవచ్చు, ఎక్కడ తినకూడదు. ఇవన్నీ అక్కడి సిబ్బందినే అడిగాం. సమయాలు, రుసుములు మారుతుంటాయి కనుక ఇక్కడ రాయడం లేదు. ఎవరో చెప్పినదాన్ని నమ్మి మాలాగా బయలుదేరకండి.

ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలని నా గట్టి అభిప్రాయం. మరుగుదొడ్ల సంగతి మగవారు అడగరు. అడిగినా "ఉన్నాయట" అంటారు గాని వెళ్ళి తలుపుకు గడియ పడుతుందో లేదో చూడరు. ఎదిగిన ఆడపిల్లలు రోజంతా నీళ్ళు తాగకుండా ఉండిపోయేది ఇందుకే. అది విహారం కాదు, శిక్ష.

ఎవరి కాళ్ళతో కొలవాలి?

మొదటిసారి నేను వేసిన పథకమంతా పన్నెండేళ్ళ మగపిల్లల కాళ్ళకు సరిపడేది. ఆటలు, పరుగు పందెం, పాటల పోటీ. ముసలివారు, బాలింతలు, కాలు సరిగా లేనివారు ఒక చెట్టు కింద సామాన్లకు కాపలా కూర్చుంటారన్నది మాటల్లో చెప్పకపోయినా నా లెక్కలో ఉన్నదే. మా అత్తమ్మ రానన్నది నొప్పుల వల్లనే కాదని తరువాత తెలిసింది. "గిన్నెలకు కావలి కూసోవడానికి అంత దూరమెందుకు, ఇంట్లనే కూసుంట," అని పక్కింటి ఆమెతో అన్నారట.

మామయ్య పోయాక ఆమె మునుగోడు వైపు పల్లె నుండి మా దగ్గరికి వచ్చారు. మాది రెండు గదుల అద్దె ఇల్లు, మూడో అంతస్తు. గుడికి తప్ప గడప దాటేవారు కాదు. "ఈడ నేల యాడున్నది నడవటానికి," అనేవారు. పెళ్ళికి ముందు పుట్టింట్లోనూ, తరువాత అత్తింట్లోనూ మేకలు మేపిన మనిషి. పట్నంలో ఆమెకు వచ్చిన విద్యతో ఎవరికీ పని లేదు. నాకూ తట్టలేదు, ఆ కంచ మాట అనేదాకా.

అందుకని రెండోసారి లెక్క తిరగవేశాం. అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎంత దూరం పోగలరో అంతే నడక. ఆ పైన వ్యాను. పిల్లలను అయిదుగురేసి జట్లు చేసి, ప్రతి జట్టుకూ ఒక పెద్దమనిషిని పెట్టాం. కాపలాకు కాదు, అడిగితే చెప్పడానికి. మా సంఘంలో సగం ఇళ్ళు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుండి పనికోసం వచ్చినవే. ప్రతి ఇంట్లో ఒక అవ్వో తాతో ఉన్నారు. చెట్టు పేరు చెప్పగలవారు వారే. నాకు తెలిసిన చెట్లు ఆరు.

ఏమి తీసుకెళ్ళకూడదు

డోలక్ ఇంట్లో పెట్టాం. దీని మీద కొంత గొడవ జరిగింది. "దేవుడు చేసిన సృష్టి మధ్య నిలబడి దేవుణ్ణి స్తుతించకూడదా?" అని ఒక పెద్దాయన బాధపడ్డారు. అయ్యగారు ఏలీయా సంగతి ఎత్తారు. గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, మంట వచ్చింది, వాటిలో దేవుడు లేడు, ఆ తరువాత చిన్న మెల్లని స్వరం. "మనం పాడుతుంటే అది వినబడుతుందా?" అన్నారు. బస్సులో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎంత గట్టిగా పాడినా సరే, గేటు లోపల పాట లేదు, సెల్‌ఫోను మోత లేదు అని నిర్ణయమైంది. పెద్దాయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను.

బిస్కెట్ల సంగతి పిల్లలకు చెప్పడం తేలికైంది. పశువులున్న ఇళ్ళలో పుట్టినవారికి తెలుసు, గింజల బస్తాలో మూతిపెట్టి మెక్కిన ఎద్దుకు పొట్ట ఉబ్బి ఏమవుతుందో. జింక కూడా నెమరు వేసేదే. దాని కడుపు గడ్డికి, ఆకుకు అమరినది. పిండి, చక్కెర ఒక్కసారిగా పడితే లోపల పులిసి ఆమ్లమవుతుంది. మనం ప్రేమతో పెట్టేది దానికి రోగం. పైగా మనిషి చేతిలో తిండి ఉంటుందని ఒకసారి నేర్చుకున్న జింక రోడ్డు వైపు వస్తుంది. ఆ గోడకు అవతలే విజయవాడ రోడ్డు.

ప్లాస్టిక్ సంచులు కూడా అంతే. పులిహోర తిన్న సంచిలో ఉప్పు, నూనె వాసన మిగులుతుంది. జంతువు సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. కడుపు నిండినట్టే ఉండి ఆకలితో చస్తుంది. కాబట్టి ఈసారి ప్రతి ఇంటికీ ఒక స్టీలు టిఫిను డబ్బా, ఒక నీళ్ళ సీసా. వారం ముందు ఆదివారం ప్రకటనల్లోనే చెప్పేశాం. డబ్బా లేని ఇళ్ళకు స్త్రీల సమాజం వాళ్ళు సర్దారు. వంట అక్కడ చేయకూడదు, బీడీ, అగ్గిపెట్టె జేబులో ఉండకూడదు. నవంబరులో పచ్చగా ఉన్న ఆ గడ్డి ఎండాకాలానికి ఒక్క నిప్పురవ్వ చాలన్నట్టు ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి చెబితే నవ్వుకుంటారేమో. గుడికి కట్టుకునే తెల్లచీరలు, మెరిసే చొక్కాలు వద్దన్నాం. మట్టిరంగు, ఆకుపచ్చ, పాతవి వేసుకోమన్నాం. గుడివాళ్ళం ఊరేగింపుగా తెల్లబట్టల్లో వస్తే మైలు దూరం నుండే జింకలకు తెలిసిపోతుంది. ఇద్దరు ముగ్గురు తల్లులు మాత్రం ఫొటోల కోసం పిల్లలకు కొత్త బట్టలే వేశారు. ఏమనగలం?

అక్కడ చేయవలసినవి

పిల్లలకు పని చెప్పకపోతే పని వాళ్ళే కల్పించుకుంటారు. అందుకని మూడు పనులు పెట్టుకున్నాం.

ఒకటి సొలొమోను జాబితా. మొదటి రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో సొలొమోను జ్ఞానాన్ని గూర్చి చెబుతూ, ఆయన లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు దాకా చెట్లను గూర్చీ, మృగాలను, పక్షులను, పాకే వాటిని, చేపలను గూర్చీ మాట్లాడాడని ఉంది. అందులో నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ గోడ మొక్క. రాజు గోడ మీద మొలిచిన దాన్ని కూడా చూశాడు. (అదే అధ్యాయంలో ఆయన బల్ల మీదికి రోజూ వచ్చే మాంసంలో దుప్పులు, జింకలు కూడా ఉన్నాయని ఒక పిల్లవాడు కనిపెట్టి అడిగాడు. దానికి నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు.) ప్రతి జట్టూ ఒక కాగితం, పెన్సిలుతో, పెద్ద చెట్టు నుండి గోడ మీది మొక్క దాకా, కనిపించిన ప్రతి దాని పేరు తెలుగులో రాయాలి. పేరు తెలియకపోతే జట్టులోని పెద్దవారిని అడగాలి. ఏదీ తెంపకూడదు. ఇది కష్టమైన నియమం. ఆ కాలంలో అక్కడి సీతాఫలాలు చేతికందే ఎత్తులో ఉంటాయి. కానీ జాతీయ ఉద్యానవనంలో కాయ అయినా, ఈక అయినా, రాలిన కొమ్ము అయినా ఎత్తుకుని రాకూడదు.

రెండోది కొమ్ముల పరీక్ష. మన బైబిలులో దుప్పి, జింక, లేడి అని చదువుతాం గాని ఏది ఏదో మనలో చాలామందికి తెలియదు. ఇక్కడ రెండు తేలికగా నేర్చుకోవచ్చు. పొడలు పొడలుగా తెల్లచుక్కలున్నది చుక్కల దుప్పి. దాని కొమ్ములు చెట్టు కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటేటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు చీలవు, మెలికలు తిరిగి పైకి పోతాయి, బతికినంత కాలం రాలవు. మగది వయసు వచ్చేకొద్దీ వీపు నల్లబడుతుంది, పొట్ట, కళ్ళ చుట్టూ తెలుపు. ఆడవి, పిల్లలు లేత గోధుమ రంగులో ఉంటాయి, ఆడవాటికి మామూలుగా కొమ్ములుండవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కృష్ణజింక. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక మన రాష్ట్రం చుక్కల దుప్పిని ఎంచుకుంది. రెండూ ఒకే గోడ లోపల మేస్తుంటే పిల్లలకు ఆ పాఠం పుస్తకంలో కంటె బాగా పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కృష్ణజింకకు మొదటి షెడ్యూలులో చోటిచ్చింది, అంటే పులితో సమానమైన రక్షణ.

మూడోది, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదటి నిమిషం అంతా నవ్వులే. రెండో నిమిషంలో ఎవరికో తుమ్ము. మూడో నిమిషం నుండి చెవులు తెరుచుకుంటాయి. మాకు ముందు కౌజు పిట్ట కూత వినబడింది, తరువాత ఎండుటాకుల మీద తొండ నడక, ఆ వెనుక రోడ్డు మీది లారీలు. చివరికి ఒక పాలపిట్ట తుమ్మకొమ్మ మీది నుండి ఎగిరి రెక్కల నీలం చూపించింది. ఊళ్ళల్లో దసరా నాడు దీన్ని చూడటానికి పొలాలకు పోయేవారు. మా పిల్లల్లో ఎక్కువమంది బస్సుల మీది బొమ్మలో తప్ప చూడలేదు.

ఆ రోజు

రెండో శనివారం. ఎండ ముదరక ముందే గేటు తీసే వేళకు చేరాం. 46 మందిమి. మొదటిసారి మోసపోయిన ఇళ్ళలో కొందరు రాలేదు, వారిని తప్పు పట్టను. అత్తమ్మ వచ్చారు. జట్టులో అయిదుగురు పిల్లలను ఆమెకు అప్పగిస్తామని అయ్యగారు స్వయంగా ఇంటికి వచ్చి అడిగారు. అది నేను అడిగి ఉంటే వచ్చేవారు కాదని నాకు తెలుసు.

నడిచిన కొద్ది దూరంలోనే ఆమె ఆగారు. ఒకేచోట కుప్పగా పడి ఉన్న పెంటికలు. పిల్లలు ముక్కు మూసుకున్నారు. "ఒక్కదానిదే ఇది. రోజూ ఈడికే వస్తది. పాతయి చూడు, కొత్తయి చూడు," అన్నారు. నేను చదివి పెట్టుకున్నది అప్పుడు గుర్తుకొచ్చింది. మగ కృష్ణజింక తన హద్దు చూపడానికి ఒకే చోట పెంటికలు వేస్తుంది, కళ్ళ దగ్గరి గ్రంథి నుండి వచ్చే వాసన గల జిగటను పుల్లలకు, పొదలకు రుద్దుతుంది. ఆ హద్దులోకి ఇంకో మగది వస్తే కొట్లాట. మా పిల్లలు మన ఊళ్ళ గెట్టు పంచాయితీలతో పోల్చుకుని నవ్వారు. ఆ తరువాత ముక్కులు మూసుకోవడం మానేసి, పెంటిక ఎండిందా పచ్చిగా ఉందా అని పుల్లతో కదిపి చూడటం మొదలుపెట్టారు. ఆ జట్టు వెనుక పడిపోయింది. వెనుక పడినందుకు ఎవరూ ఏమీ అనలేదు, లెక్క అలాగే వేసుకున్నాం గదా.

తరువాత వ్యాను ఎక్కాం. గడ్డి బీడులో కృష్ణజింకల మంద కనిపించింది. వ్యాను ఆగగానే అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. పిల్లలు చేతులతో నోళ్ళు మూసుకున్నారు. ఒక నల్లమగది మంద చుట్టూ మెడ వెనక్కి వంచి, కొమ్ములు వీపును తాకేలా నడుస్తోంది. ఆమడ దూరం పోయి చూడవలసింది అనుకున్నది ఎల్.బి. నగర్ పక్కన ఉంది.

కొంచెం ముందుకు పోయాక ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు కేక పెట్టాడు. గడ్డిలో ఒక జింకపిల్ల ఒంటరిగా, మెడ నేలకు చాచి పడుకుని ఉంది. కదలడం లేదు. చుట్టుపక్కల మంద లేదు. "ఆపండి అన్నా, దానికి అమ్మ లేదు," అని వాడు లేచి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు కూడా, దాన్ని తీసుకుపోయి ఆఫీసులో ఇద్దాం అన్నారు. నాకు కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. పైగా ఆ పిల్లవాడి తల్లి వాడికి మూడేళ్ళప్పుడే పోయింది. అమ్మమ్మ పెంచుతోంది. వాడు ఆ మాట అన్నాక వ్యానులో పెద్దవాళ్ళెవరికీ నోరు పెగలలేదు.

అత్తమ్మ వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తల్లి యాడికీ పోలే బిడ్డా. మ్యాక గూడ గిట్లనే జేస్తది. పుట్టిన పిల్లను పొదల పండబెట్టి మేతకు పోతది. తల్లి పక్కనే ఉంటే తోడేలు చూస్తది గద. అందుకే దూరం దూరం మేస్తది. పిల్లకు దెలుసు, వచ్చేదాక లేవద్దని. మనం ముట్టుకుంటెనే తప్పు," అన్నారు. కృష్ణజింకల సంగతీ అదే. ఆరు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మొదటి రోజుల్లో పిల్లను గడ్డిలో దాచి, పాలివ్వడానికి మాత్రమే దగ్గరికి వస్తుంది. దయతో ఎత్తుకొచ్చిన పిల్లలకే నిజంగా తల్లి లేకుండా పోతుంది. ఊళ్ళ దగ్గర పొలాల్లో కూడా ఇలాంటి పిల్లలు కనిపిస్తే చేతులు పెట్టకండి. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి కబురు చేయండి.

వ్యాను నడిపే అతను కూడా అవునమ్మా అన్నట్టు తలాడించి బండి పోనిచ్చాడు. "మరి అది చూస్తోందా ఇప్పుడు?" అని అడిగాడు పిల్లవాడు. "మనల్నే చూస్తున్నది. ఎప్పుడు పోతరా అని," అన్నారు అత్తమ్మ. వాడు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. తల్లి కనిపించలేదు.

తిండి దగ్గర వాడు ఆమె పక్కనే కూర్చున్నాడు. యోబు గ్రంథం 39వ అధ్యాయం ఆ రోజు ధ్యానానికి పెట్టుకున్నాం. లేళ్ళు ఈనే కాలం నీకు తెలుసా అని దేవుడు యోబును అడిగే చోటు. అయ్యగారు చదివి, దీనికి యోబు జవాబు చెప్పలేకపోయాడు అన్నారు. "యోబు మేకలు మేపలేదా?" అన్నారు అత్తమ్మ. అందరం నవ్వాం, అయ్యగారితో సహా. యోబుకు ఏడువేల గొర్రెలున్నట్టు ఉంది గాని మేపింది పనివాళ్ళే అయి ఉంటారని మా వాళ్ళు తేల్చారు.

మూడు గంటలకు బయటికి వచ్చాం. గేటు దగ్గర ముందు పిల్లలను లెక్కపెట్టి, తరువాత డబ్బాలు, సీసాలు లెక్కపెట్టాం. ఒక సీసా తక్కువ వచ్చింది. ఇద్దరు యౌవనస్థులు వెనక్కి పోయి తిన్నచోట వెతికి తెచ్చారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు ఆలస్యం, డ్రైవరు విసుక్కున్నాడు.

సొలొమోను జాబితాలు అన్నీ కలిపి పిల్లలు ఒక పెద్ద చార్టు మీద రాసి గుడి వెనుక గోడకు అంటించారు. 61 పేర్లు వచ్చాయి. గోడ మీద మొలిచినదాని గడిలో ప్రహరీ మీది రావి మొలక ఉంది. అత్తమ్మకు చదువు రాదు. అందుకని ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఎనిమిదేళ్ళవాడి చేత పై నుండి కింది దాకా చదివించుకుంటారు. పోయిన వారం మధ్యలో ఆపారు. "ఉత్తరేణి రాయలే. అదెట్ల మరిచిండ్రు, ఇంటికొచ్చినంక చీరంత ఏరుకున్న గద," అన్నారు. 62వది వాడే రాశాడు.